ఆదివారపు పిలుపు - ఒంగోలు నుంచి న్యూ లిన్ దాకా

ఆమధ్య మా న్యూ లిన్ తెలుగు ఫెలోషిప్‌లో ఆరాధన మొదలుపెట్టే పని నా నెత్తిన పడింది. ఇన్నాళ్ళూ ఆ పని చేసిన పెద్దాయన, ఇక్కడి తెలుగువాళ్ళలో చాలామంది చేసేదే చేశారు. పాస్‌పోర్టు చేతికి రాగానే ఆస్ట్రేలియా వెళ్ళిపోయారు. మిగిలిన పెద్దలు నన్ను పట్టుకుని, “తమ్ముడూ, వచ్చే నెల నుంచి ఆరాధనకి పిలుపు నువ్వే చెప్పాలి. ఎంతసేపు, రెండు నిమిషాల పని” అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

క్రైస్తవులు కాని పాఠకుల కోసం ఒక్క మాట. ఆదివారం ఆరాధనలో మొట్టమొదట వచ్చేది ప్రార్థన కాదు, ప్రసంగమూ కాదు, పిలుపు. ముందు నిలబడ్డ మనిషి, వచ్చి కూర్చున్న వాళ్ళని చూసి, రండి, దేవుణ్ణి ఆరాధిద్దాం అని ఏదో ఒక రూపంలో చెప్తాడు. సాధారణంగా ఒక కీర్తన నాలుగు వాక్యాలు చదువుతారు. పెళ్ళికి శుభలేఖ ఎలాగో ఇది అలాగన్నమాట. కాకపోతే శుభలేఖ ఇంటికొస్తుంది, ఇది మనం వెళ్ళాక అందుతుంది.

మాకు సొంత గుడి లేదు. గ్రేట్ నార్త్ రోడ్డుకి దగ్గర్లో ఒక పాత చర్చి వాళ్ళు, తమ ఆరాధన అయిపోయాక మధ్యాహ్నం రెండు గంటల నుంచి హాలు ఇస్తారు. అందులో కూర్చునేది ఒక్క సంఘం వాళ్ళు కాదు. మెదక్, దోర్నకల్ వైపు నుంచి వచ్చిన సి.ఎస్.ఐ. వాళ్ళు ఉన్నారు. వాళ్ళకి పుస్తకం తెరిచి, లేచి నిలబడి, ఒకరు చెప్తే అందరూ జవాబు చెప్పాలి. గుంటూరు లూథరన్లకి త్రియేక దేవుని నామం ముందు వినపడాలి. ఒంగోలు బాప్టిస్టులకి పాట ఎత్తుకుంటే చాలు, అదే పిలుపు. హెబ్రోను వాళ్ళకైతే ఒక మనిషి ముందు నిలబడి పిలవడమే నచ్చదు. ఆత్మ ప్రేరేపించిన వాళ్ళు ఎవరైనా మొదలుపెట్టొచ్చంటారు. ఇక ఇక్కడే పుట్టిన పిల్లలకి ఇవేవీ పట్టవు. తెలుగులో ఏం చెప్పినా వాళ్ళ చూపు గడియారం మీదే.

ఏ మాటలు వాడాలా అని నేను తల పట్టుకుని ఉండగా, వృద్ధాశ్రమంలో కేర్‌గివర్‌గా పనిచేసే ఒకావిడ ఫోన్ చేసి అడిగింది. “పిలుస్తారు సరే అన్నయ్యా, నాకు నెలలో మూడు ఆదివారాలు డ్యూటీ పడుతుంది. మీరు పిలిచేది నాక్కూడానా, ఖాళీగా ఉన్న వాళ్ళకేనా?”

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాను. ఇంజనీరింగ్ చదివి, ఇరవై ఏళ్ళుగా కంప్యూటరు ముందు కూర్చుని పొట్ట పోసుకుంటున్నవాణ్ణి. కానీ మా వృత్తిలో ఒక అలవాటుంది. ప్రోగ్రాం ఎక్కడో తప్పు చేస్తుంటే, మొదటి వెర్షన్ దాకా వెనక్కి వెళ్ళి చూస్తాం. అదే పని చేశాను. ఒక శీతాకాలం అంతా పట్టింది.

మొదటి వెర్షన్ నన్ను ఆశ్చర్యపరిచింది. క్రీస్తు శకం 112 ప్రాంతంలో, ఇప్పటి టర్కీ ఉత్తర భాగంలో ఉన్న బితినియాకి ప్లినీ అనే ఆయన గవర్నరు. ఈ క్రైస్తవులు అసలు చేసేదేమిటో ట్రాజన్ చక్రవర్తికి ఉత్తరం రాశాడు. ఒక నిర్ణీత దినాన తెల్లవారకముందే కలుసుకుని క్రీస్తును దేవుడిగా కీర్తిస్తూ పాడుకుంటారట. ఆ వివరాలు రాబట్టడానికి ఇద్దరు బానిస స్త్రీలను చిత్రహింస పెట్టించానని కూడా, ఏ సంకోచమూ లేకుండా, అందులోనే రాశాడు. తెల్లవారకముందే ఎందుకు? మనకి ఊహించడం కష్టం కాదు. ఆ రోజుల్లో ఆదివారం సెలవు కాదు. బానిసకి, కూలివాడికి తనదంటూ ఉన్న సమయం సూర్యుడు రాకముందే. అంటే మొట్టమొదటి ఆరాధన వేళని నిర్ణయించింది శాస్త్రం కాదు, డ్యూటీ రోస్టరు.

మరో నలభై ఏళ్ళకి, సుమారు 155లో, రోములో జస్టిన్ అనే ఆయన ఆదివారపు కూడిక ఎలా జరుగుతుందో వివరంగా రాశాడు. పట్నాల్లో ఉన్నవాళ్ళు, పల్లెల్లో ఉన్నవాళ్ళు ఒకచోట చేరతారు. గ్రంథాలు చదువుతారు. రొట్టె విరుస్తారు. ఆ తర్వాత రాలేకపోయిన వాళ్ళ వాటా పరిచారకుల చేత వాళ్ళ ఇళ్ళకి పంపిస్తారు. ఆ ఒక్క వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. రాలేనివాళ్ళు ఉంటారని వాళ్ళకి మొదటి నుంచీ తెలుసు.

321లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి ఆదివారాన్ని సెలవుగా ప్రకటించాడు. న్యాయాధికారులూ, పట్టణ ప్రజలూ పని మానాలి, కార్ఖానాలు మూసెయ్యాలి. అయితే అందులో ఒక మెలిక ఉంది. పల్లెల్లో సేద్యం పని చేసేవాళ్ళకి మాత్రం మినహాయింపు. అదను దాటితే పంట పోతుందని కారణం చెప్పారు. కారణం నిజమే. కానీ నేను ప్రకాశం జిల్లా వాణ్ణి కాబట్టి, పొలం ఒకడిదీ కష్టం ఇంకొకడిదీ అయినప్పుడు ఆ మినహాయింపు ఎవరి నెత్తిన పడుతుందో నాకు వేరే చెప్పక్కర్లేదు.

తర్వాతి వెయ్యేళ్ళనీ దాటేస్తున్నాను, పండితులు క్షమించాలి. 1645లో లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ సభ తయారుచేసిన ఆరాధన పద్ధతిలో, జనం చేరగానే పాదిరి వాళ్ళని గంభీరంగా ఆరాధనకు పిలవాలన్న నియమం స్పష్టంగా కనిపిస్తుంది. ఆంగ్లికన్లు అదే పనిని తమ ప్రార్థన పుస్తకంలో మరో విధంగా చేశారు. ఈ రెండు దారుల్లోంచే ఆ పిలుపు ఓడలెక్కి మన దేశానికీ, ఇప్పుడు మనం ఉంటున్న ఈ దేశానికీ వచ్చింది.

ఈ దేశానికి వచ్చిన రోజు మనకి కచ్చితంగా తెలుసు. 1814 డిసెంబర్ 25. ఆ క్రిస్మస్ ఆదివారమే పడింది. బే ఆఫ్ ఐలాండ్స్‌లో, రంగిహువా కోట కింద, ఓయిహి అనే చోట సామ్యూల్ మార్స్‌డెన్ అనే పాదిరి ప్రసంగం చేశాడు. ఇక్కడి స్కూళ్ళల్లో మన పిల్లలు ఈ కథ వినే ఉంటారు. కానీ కథలో అసలు మనిషి మార్స్‌డెన్ కాదు, రువాటరా అనే మావోరి యువ నాయకుడు. ముందు రోజు శనివారమంతా కష్టపడి ఏర్పాట్లు చేసింది అతనే. సుమారు అరెకరం నేలకి కంచె కట్టించాడు. మధ్యలో ప్రసంగ వేదిక నిలబెట్టి నల్ల గుడ్డ కప్పాడు. తెల్లవాళ్ళు కూర్చోవడానికి పాత పడవల అడుగు భాగాలు తెచ్చి బల్లల్లా వేశాడు. తెల్లారేసరికి మార్స్‌డెన్ చేయాల్సిందల్లా ఓడ దిగి రావడమే.

ఆరాధన నూరవ కీర్తనతో మొదలైంది. లోకమంతటినీ రమ్మని పిలిచే పాట అది. ఇంగ్లీషులో పాడారు. కోరోకోరో అనే నాయకుడు చేతిలోని బెత్తంతో సైగ చేస్తుంటే జనం లేచారు, కూర్చున్నారు. ఈయన చెప్పేది మాకేమీ అర్థం కావడం లేదని మావోరీలు రువాటరాతో అన్నారు. ఇప్పటికి పర్వాలేదు, తర్వాత నేను చెప్తానన్నాడు అతను. ప్రసంగం అయ్యాక తన భాషలో తనకి తోచినట్టు చెప్పాడు. అందులో ఎంత సువార్తో, ఎంత గోధుమ విత్తనాల సంగతో, ఎంత వ్యాపార రాజకీయమో అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. నాకు తోచింది మాత్రం ఇది. ఆ రోజు పిలిచినవాడు వచ్చిన పాదిరి కాదు, ఊరివాడు. రెండు నెలలు దాటీ దాటకుండానే, 1815 మార్చిలో, రువాటరా జబ్బుచేసి చనిపోయాడు.

మావోరి ఆచారంలో పిలుపుకి ఉన్న విలువ ఇక్కడ స్థిరపడ్డ వాళ్ళందరికీ తెలుసు. మరాయే గుమ్మం దగ్గర అతిథులు ఆగాలి. లోపలి నుంచి ఒక స్త్రీ గొంతెత్తి కరంగ పిలిచేదాకా అడుగు వెయ్యకూడదు. మొదటిసారి మా ఆఫీసు వాళ్ళతో వెళ్ళి అలా ఆగినప్పుడు, ఆ గొంతు వినగానే నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. మా న్యూ లిన్‌లో పోర్టేజ్ రోడ్డు అని ఉంది. వావ్ నది వైపు నుంచి మానుకావ్ తీరానికి పడవల్ని నేల మీదుగా లాక్కెళ్ళిన దారి అది. ఇక్కడి ట్రాఫిక్‌లో ఆగినప్పుడల్లా, ఇది ఎవరి దారో, మనల్ని ఎవరు పిలిచారో అనిపిస్తుంది.

సందర్భం వచ్చింది కాబట్టి గంట సంగతి చెప్పి తీరాలి. మార్స్‌డెన్‌ని సమర్థించిన చర్చి మిషనరీ సొసైటీ తరఫునే, తర్వాత విలియం కొలెన్సో అనే ముద్రాపకుడు ఇక్కడికి వచ్చాడు. ఫాంగరే ప్రాంతంలో మావోరి స్త్రీలు ఒక కంచు పాత్రలో బంగాళాదుంపలు ఉడకబెట్టుకోవడం చూశాడు. తీరా చూస్తే అది పాత్ర కాదు, విరిగిన ఓడ గంట. దాని మీద తమిళ అక్షరాలు! మొహియుద్దీన్ బక్ష్ ఓడ గంట అని చదివారు. ఏ ఓడ, ఎప్పుడు వచ్చింది అన్నది ఇప్పటికీ తేలలేదు. వెల్లింగ్టన్‌లోని టె పాపా మ్యూజియం సొత్తుగా ఉంది. పిలవడానికి పోతపోసిన గంట వంటకి పనికొచ్చిందంటే నాకు నవ్వూ వచ్చింది, మా నాయనమ్మా గుర్తొచ్చింది.

మా నాయనమ్మ వాళ్ళ పల్లె ఒంగోలుకి పడమటి వైపు. గుడి ముందు వేపచెట్టుకి ఒక రైలు పట్టా ముక్క వేలాడేది. అదే గంట. మొదటి గంటకి నీళ్ళు పోసుకోవాలి, రెండో గంటకి బయల్దేరాలి, మూడో గంటకి కూర్చుని ఉండాలి. నాయనమ్మకి గడియారం చూడ్డం రాదు కానీ రెండో గంట ఒక్కనాడూ తప్పలేదు. చెప్పులు బయట వదిలి, మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు చాపల మీద. ఆ పట్టా మీద ఇనప కమ్మీతో కొట్టే చప్పుడు ఊళ్ళోకి కూడా వినపడేది. చిన్నప్పుడు అది నాకు మామూలు చప్పుడే. దాని వెనక ఏముందో ఈ చదువు మొదలుపెట్టాకే తెలిసింది.

1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు పక్కన కొండ మీద ఐదుగురు ప్రార్థన చేశారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జూవెట్, ఆయన భార్య, నర్సు అనే తెలుగు బోధకుడు, జూలియా, రూతు అనే ఇద్దరు తెలుగు స్త్రీలు. ఆ కొండని ఇప్పటికీ ప్రార్థన కొండ అనే అంటారు. నెల్లూరు మిషన్ ఫలించడం లేదు, మూసేద్దామా అని అమెరికాలో వాళ్ళ పెద్దలు చర్చించిన మరుసటేడు అది. పన్నెండేళ్ళ తర్వాత, 1866లో, జాన్ క్లౌ అనే యువకుడు ఒంగోలులో కాపురం పెట్టాడు. 1867 జనవరి 1న అక్కడ సంఘం కట్టినప్పుడు సభ్యులు ఎనిమిది మంది.

అప్పటికే ఎర్రగుంట్ల పేరయ్య వచ్చి ఉన్నాడు. కులం మాదిగ, తోళ్ళ వ్యాపారం. రాజయోగి మార్గంలో గురువుల దగ్గర ఉపదేశం పొందిన సాధకుడు కూడా. వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్ళినప్పుడు క్రైస్తవ బోధ విని, వెతుక్కుంటూ ఒంగోలు వచ్చాడు. వెనక్కి వెళ్ళి తన వాళ్ళకి చెప్పి, వాళ్ళని సిద్ధం చేసి, అప్పుడు దొరని రమ్మన్నాడు. 1867 జనవరిలో తాళ్ళకొండపాడు దగ్గర 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. గమనించండి, ఇక్కడ కూడా పిలిచింది ఊరివాడే. పేరయ్యకి క్లౌ ఓయిహిలో మార్స్‌డెన్ లాంటివాడు. నేల చదును చేసింది పేరయ్య.

అదే సమయంలో ఒంగోలు పట్నంలో పై కులాల పెద్దలు కొందరు క్లౌ దగ్గరికి వస్తూ పోతూ ఉన్నారు. మాదిగల్ని చేర్చుకుంటే మేం రామని తేల్చి చెప్పారు. ఆయన ఇరకాటంలో పడ్డాడు. బైబిలు తెరిస్తే కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక, లోకం తక్కువగా చూసినవాళ్ళనే దేవుడు ఎన్నుకున్నాడన్న భాగం కంటపడిందని, పక్క గదిలో ఆయన భార్య కూడా విడిగా అదే భాగం చదువుతూ ఉందని ఆయన తన జ్ఞాపకాల్లో చెప్పాడు. అది 1914లో, ఆయన పోయాక వచ్చిన పుస్తకం. ఏమైతేనేం, తలుపు పేరయ్య వాళ్ళకి తెరిచారు. పై కులాల పిల్లలు బడి మానేశారు.

చేరినవాళ్ళకి క్లౌ పెట్టిన నియమాలు మూడు. ఆదివారం పని చెయ్యకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకి మొక్కకూడదు. ఈ మూడింటిలో మొదటిది చూడ్డానికి తేలిక. నిజానికి అదే అన్నిటికన్నా బరువైంది.

ఎందుకో చెప్తాను. ఊరి కట్టుబాటులో మాదిగ ఇంటికి రైతు ఇళ్ళు కొన్ని కట్టేసి ఉంటాయి. మోటకి తోలుబానలు, ఎద్దులకి పట్టెడలు, మనుషులకి చెప్పులు వీళ్ళే చెయ్యాలి. కోతలకీ నూర్పిళ్ళకీ పిలిచినప్పుడు పోవాలి. బదులుగా కళ్ళంలో మేర కొలుస్తారు. రోజుకి ఇంత అని కూలి లేదు, వారానికి ఒక సెలవూ లేదు. అసలు వారం అనే లెక్కే ఆ బతుక్కి లేదు, సంత రోజు ఒక్కటి తప్ప. అలాంటి మనిషి కోతల కాలంలో “ఇవాళ ఆదివారం, నేను రాను” అంటే అది భక్తి మాట మాత్రమే కాదు. ఈ రోజు నాది అని చెప్పడం. ఏడింటిలో ఒక రోజు మీద నీకు హక్కు లేదని చెప్పడం. ఊరి పెద్దలకీ కరణాలకీ అది సరిగ్గా అలాగే వినపడింది. బావుల దగ్గరికి రానివ్వలేదు, పనుల్లోంచి తీసేశారు, తప్పుడు కేసులు పెట్టారు. 321లో కాన్‌స్టంటైన్ వదిలేసిన సేద్యపు కూలివాడు, పదిహేను వందల ఏళ్ళ తర్వాత ఒంగోలు తాలూకాలో తన ఆదివారాన్ని తనే తీసుకున్నాడన్నమాట. బొంబాయి మిల్లు కార్మికులకి నారాయణ మేఘాజీ లోఖండే పోరాడి ఆదివారం సెలవు సాధించింది 1890లో. మన పల్లెలు అంతకు ఇరవై ఏళ్ళ ముందే ఆ గొడవలో ఉన్నాయి. కాకపోతే దాన్ని ఎవరూ కార్మిక చరిత్రలో రాయలేదు, మిషన్ రిపోర్టుల్లో రాసి ఊరుకున్నారు.

ఇంకో సంగతి. చాలా ఊళ్ళల్లో డప్పు కొట్టి చాటింపు వేసేది మాదిగలే. జాతర అయినా, సర్కారు వారి హుకుం అయినా, చావు అయినా, ఊరందరికీ కబురు చెప్పి పిలిచేది వాళ్ళే. అందర్నీ పిలిచే వాళ్ళని, ఎవరూ ఏ పంక్తికీ పిలవలేదు. క్రైస్తవులయ్యాక జాతరలో డప్పు కొట్టం అన్నారు. దానికీ దెబ్బలు తిన్నారు. ఇక్కడ మిషనరీల మీద నాకో ఫిర్యాదు ఉంది. జాతర డప్పు వద్దన్నారు సరే, గుడి డప్పుగా దాన్ని ఎందుకు ఉంచుకోలేదు? పిలుపు అనే విద్యలో తరతరాలుగా ఆరితేరిన వాయిద్యాన్ని పక్కన పెట్టి, రైలు పట్టా ముక్క వేలాడదీశారు. క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ మాదిగల జీవితం మీద 1899లోనే ఒక పుస్తకం రాసింది, వాళ్ళ యోగుల గురించీ గురువుల గురించీ శ్రద్ధగా సేకరించింది. అంత చూసిన వాళ్ళు కూడా డప్పుని గుమ్మం దాటనివ్వలేదు.

1876-78 కరువు గురించి మన ఇళ్ళల్లో ఇంకా చెప్పుకుంటారు. క్లౌ బకింగ్‌హాం కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్ళు కంట్రాక్టుకి తీసుకుని వేలమందికి పని ఇచ్చాడు. ఆ పదిహేను నెలలూ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట పడకూడదని. సాయం పంచడం ఆగాక, పాత క్రైస్తవుల్ని మాత్రం వెల్లంపల్లికి రమ్మని, కొత్తవాళ్ళని తీసుకురావద్దని బోధకులకి కబురు పెట్టాడు. జనం ఆగలేదు. వెళ్ళిపొమ్మన్నా పోలేదు. మాకు డబ్బు వద్దు, మా చేతుల బొబ్బలు చూడు, మేం కష్టం చేసే తిన్నాం అన్నారట. 1878 జూలై 3న ఒక్కరోజులో గుండ్లకమ్మలో 2,222 మందికి బాప్తిస్మం అయింది. ఇద్దరిద్దరు చొప్పున ఆరుగురు తెలుగు బోధకులు మార్చి మార్చి ఇచ్చారు. పిలుపుల చరిత్ర వెతుకుతూ పోయిన నాకు దొరికిన అతి పెద్ద కూడిక, రావద్దని చెప్పగా వచ్చింది!

మా ముత్తాతలు ఆ పల్లెల వాళ్ళే. ఆక్లండ్‌లో ఇన్నేళ్ళుగా తెలుగువాళ్ళ మధ్య ఉంటూ ఈ మాట నేను ఎక్కడా అనలేదు. ఎవరూ సూటిగా అడగలేదు కూడా. అడిగే పద్ధతి వేరే ఉంటుంది. ఉగాది పార్టీలో “మీదే ఊరండీ?” అంటారు. మా ఫెలోషిప్‌లో అయితే “మీదే మిషనండీ?” అంటారు. ఒంగోలు బాప్టిస్టా, గుంటూరు లూథరనా, కెనడియన్ బాప్టిస్టా అన్నది తెలిస్తే కులం ఇంచుమించుగా తెలిసిపోతుందని అడిగేవాళ్ళకీ తెలుసు, చెప్పేవాళ్ళకీ తెలుసు. గుడి లోపల కూడా ఆ లెక్క వేసేవాళ్ళం మనమే. అందుకే ఇది ఇక్కడ రాస్తున్నాను.

పాటల సంగతి క్లుప్తంగా చెప్తాను. ఇంగ్లీషు బాణీలే పాడుకుంటూ ఉంటే తెలుగువాళ్ళకి ఆరాధన సొంతం అయ్యేది కాదు. పురుషోత్తమ చౌధురి (1803-1890) వంటి వాళ్ళు మన రాగాల్లో, మన తాళాల్లో కీర్తనలు కట్టారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట నెత్తిన రాగమూ తాళమూ అచ్చువేస్తారు. అక్షరం రాని మా నాయనమ్మకి అరవై పాటలు నోటికొచ్చేవి. ఒంగోలు బాప్టిస్టులు పాటే పిలుపు అనడంలో న్యాయం ఉంది.

1947 సెప్టెంబర్ 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటీరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిసి దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఆరు వారాలు. 1950లో వాళ్ళు రాసుకున్న ప్రభురాత్రి భోజన క్రమం ప్రపంచమంతా చదివింది. అందులో సమాధానం ఇచ్చిపుచ్చుకోవడం అని ఒక ఘట్టం ఉంది. గురువు రెండు చేతుల్తో పక్కవారి చేతులు పట్టుకుంటాడు, వారు తమ పక్కవారివి, అలా చివరి వరుసదాకా. కేరళ సిరియన్ సంప్రదాయం నుంచి తీసుకున్నారు. తాకడం మీద ఇంత చరిత్ర ఉన్న దేశంలో, పిలిచి కూర్చోబెట్టడం ఒక ఎత్తు, చెయ్యి పట్టుకోవడం ఇంకో ఎత్తు. ఒంగోలు బాప్టిస్టులూ, గుంటూరు లూథరన్లూ ఈ ఐక్యతలో చేరలేదు. మా న్యూ లిన్ హాల్లో మాత్రం అందరం ఆ చేతులు పట్టుకుంటాం. హెబ్రోను అన్నయ్య మొదట్లో మొహమాటపడేవారు, ఇప్పుడు అందరికన్నా గట్టిగా పట్టుకుంటారు.

మళ్ళీ ఆ కేర్‌గివర్ చెల్లెలు అడిగిన ప్రశ్నకి వస్తాను. న్యూజిలాండ్‌లో 1945 నుంచి 1980 దాకా శని, ఆదివారాలు దుకాణాలు దాదాపు అన్నీ మూసే ఉండేవట. 1963లో మా న్యూ లిన్‌లో లిన్‌మాల్ తెరిచారు. అమెరికా పద్ధతిలో ఈ దేశంలో వచ్చిన మొదటి మాల్ అది. అదీ వారాంతం మూసి ఉండేదే. 1980లో శనివారం తెరవనిచ్చారు, 1990 చట్టంతో ఆదివారం కూడా తెరుచుకుంది. మనవాళ్ళు ఇక్కడికి పెద్ద ఎత్తున రావడం ఆ తర్వాతే. అంటే మనం వచ్చేసరికే ఇక్కడి ఆదివారం అమ్ముడైపోయింది. కొన్నది మాల్ వాళ్ళు, పని చేసేది మనం. సూపర్ మార్కెట్ క్యాష్ కౌంటర్లో, పెట్రోలు బంకులో, వృద్ధాశ్రమంలో మన పిల్లలు. నా బోటి సాఫ్ట్‌వేర్ వాడికి ఆదివారం ఉంటుంది. చదువుకోడానికొచ్చి అప్పు తీర్చుకుంటున్న కుర్రాడికి ఉండదు. వాడు “నేను రాను” అంటే వచ్చే వారం రోస్టర్లో వాడి పేరు ఉండదు. ముత్తాతల మేర లాగే ఇది కూడా.

ఈ చదివిందంతా ఒక సాయంత్రం పెద్దల ముందు పెట్టాను. ప్లినీ నాటి వాళ్ళు చీకటితో లేచి కూడుకున్నారు. మన పల్లెల్లో కూలికి పోయి వచ్చాక రాత్రిపూట దీపం పెట్టుకుని ప్రార్థన చేసుకున్న వాళ్ళున్నారు. మధ్యాహ్నం రెండు గంటలు అనేది ఏ గ్రంథంలోనూ లేదు, అది మనకి హాలు దొరికిన టైము మాత్రమే అన్నాను. చాలా వాదన జరిగింది. పిల్లలకి మర్నాడు స్కూలు అన్నారు కొందరు. వాళ్ళదీ తప్పు లేదు. చివరికి నెలలో రెండో ఆదివారం మాత్రం రాత్రి ఎనిమిదింటికి పెట్టుకుందాం అన్నారు. చర్చి వాళ్ళు తాళంచెవి ఇచ్చారు.

మొదటి రాత్రి పదకొండు మంది వచ్చారు. ముగ్గురు యూనిఫాంలోనే ఉన్నారు, ఒకరి చొక్కా మీద పేరు బిళ్ళ కూడా తియ్యలేదు. నేను నూరవ కీర్తన చదువుదామని తయారై వెళ్ళాను. ముందు ఇంగ్లీషులో, తర్వాత తెలుగులో. తీరా నిలబడ్డాక, చదవకముందే “రండి, కూర్చోండి, కాళ్ళు నొప్పులుంటే కుర్చీ లాక్కోండి” అన్నాను. వెనక నుంచి ఎవరో “వచ్చాంలే అన్నా, మొదలుపెట్టు” అన్నారు. హెబ్రోను అన్నయ్య పాట ఎత్తుకున్నారు. మా అబ్బాయి ఎక్కడో సంపాదించిన చిన్న డప్పు పట్టుకొచ్చి, వాయించమంటావా అని కళ్ళతోనే అడిగాడు. నేను తల ఊపాను.

ఆ చెల్లెలు మాత్రం రాలేదు. ఆ రాత్రి ఎవరో సెలవు పెడితే ఆమెకి అదనపు డ్యూటీ పడింది. కూడిక అయ్యాక మా ఆవిడ పులిహోర, కోడికూర ఒక డబ్బాలో సర్ది ఇచ్చింది. వెళ్ళేసరికి పది దాటింది. ఆమె చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి డబ్బా అందుకుని, “ఏ పాటతో మొదలుపెట్టారు అన్నయ్యా?” అని అడిగింది. చెప్పాను. రెండు నిమిషాలు ఆ తలుపు దగ్గరే నిలబడి మెల్లగా పాడుకుని, లోపల బెల్లు మోగితే వెళ్ళిపోయింది.